‘అని’కి ముందు ఆగిన ఊపిరి

కొండారెడ్డి బురుజు నీడలో కొత్త రాష్ట్రానికి రాజధాని వెలసి, కచేరీలకు కట్టడాలు చాలక మైదానాలలో గుడారాలు వేసి, ఆ గుడారాల క్రింద గుమాస్తాలు చెమటలోడుస్తూ కాగితాలు దిద్దుతుండగా, మైకు ముందు నిలిచి నాలుగు మాటలు పలుకగలిగిన ప్రతివాడూ రేపటి నాయకుడేనని పల్లెపల్లెనా జనం నమ్ముతున్న ఆ కాలంలో, కోడుమూరుకు కోసెడు దూరాన హంద్రి ఒడ్డునున్న రేగులపాడు నుండి పద్దెనిమిదేండ్ల యువకుడొకడు, రేకుపెట్టె భుజానికెత్తుకొని, ఏ నాయకత్వాన్నీ ఆశింపక, ఒకే ఒక్క వాక్యాన్ని చివరిదాకా పలకడం నేర్చుకొనే నిమిత్తం కర్నూలు నగరంలో అడుగుపెట్టాడు.

అతని పేరు ఓబులేసు. అతడు పలుకవలసిన వాక్యం మీద ఒక మనిషి ప్రాణం వేలాడుతున్నది.

రేగులపాటిలో రెండు వీధులు. మిట్టమీది వీధిని పైగేరి అనీ, ఏటివైపు వీధిని కిందగేరి అనీ అంటారు. ఉగాదినాటి బండలాగుడు పందెంలో ముందుగా ఎవరి ఎద్దులకు కాడి కట్టాలన్న పంతం ఆ రెండు వీధుల నడుమ ఎప్పుడో పగగా మారింది. ఓబులేసు తండ్రి నరసింహ పైగేరికి పెద్ద. సుబ్బయ్య కిందగేరికి పెద్ద. ఓబులేసుకు పదహారవ ఏడు నడుస్తుండగా వచ్చిన ఉగాదికి నరసింహ ఎద్దులు గెలిచాయి. ఎద్దుల కొమ్ములకు పసుపుగుడ్డలు చుట్టి, డప్పులను ముందుగా పంపి, నరసింహ ఒక్కడే వెనుకగా నడిచి వస్తుండగా, కోసిన జొన్నచేనిలో కిందగేరివారిద్దరు వేటకొడవళ్లతో అతనిని అడ్డగించారు. మొదటి వేటు మెడకు తగిలింది. రెండవ వేటును ఆపబోయిన చేయి మోచేతివద్ద తెగి వ్రేలాడింది. కోయగా మిగిలిన జొన్న కొయ్యకాళ్ల మీద నెత్తురు జల్లుగా పడింది. నరికినవారు ఏటిలోకి దిగి పరుగెత్తారు.

ఎద్దుల మూతి చిక్కాలు మరచి వెనుకకు వచ్చిన ఓబులేసు ఇదంతా చేనిగట్టున నిలిచి చూశాడు. అతని కాళ్లు కదలలేదు. కదిలినవాడు మరొకడు. సుబ్బయ్య ఇంట జీతానికున్న దాసన్న, పందెపు మోకులు మోసుకొని అటే వస్తూ, వాటిని పారవేసి, పగవాడని చూడక నరసింహను ఒడిలోకి తీసుకొని, తన తలరుమాలు విప్పి మెడగాయానికి బిగించి కట్టాడు. ప్రాణం పోయేదాకా కదలనీయకుండా గట్టిగా పట్టుకున్నాడు. పైగేరివారు కేకలు వేస్తూ రావడం విని, తనను కూడా నరుకుతారన్న భయంతో పారిపోయాడు. రుమాలు శవం మెడకే ఉండిపోయింది.

నరసింహ తమ్ముడు పెద్ద ఈరన్న వచ్చి పిల్లవాని రెండు భుజాలూ పట్టి కుదిపాడు.

"ఎవడ్రా? చూసినావు గదా! చెప్పు, ఎవడు?"

"దాసన్న... నాయన్ను గట్టిగ పట్టుకోని..."

రుమాలు కట్టినాడు అన్న మాట గొంతులో వెక్కి, వెక్కిళ్లలో కలిసిపోయింది. అప్పటికే పెద్ద ఈరన్న వెనుదిరిగి అరుస్తున్నాడు.

"విన్న్యారా? దాసన్న పట్టుకున్న్యాడంట! వాడు పట్టుకుంటే వీళ్లు నరికినారంట!"

ఆ తరువాత ఓబులేసు ఎన్నిసార్లు సరిదిద్దబోయినా చిన్నాయన చెవిన పెట్టలేదు. "పిల్లోనివి. భయంలో ఏం చూసినావో ఏమో," అన్నాడు. నరికిన ఇద్దరినీ కోర్టు జైలుకు పంపింది. పట్టుకున్నవాడు మిగిలాడని పైగేరి నమ్మింది. నెత్తురు గట్టిపడిన ఆ రుమాలు పెద్ద ఈరన్న ఇంటి దూలానికి వ్రేలాడింది. ఇంటికి వచ్చేవారూ పోయేవారూ దానిని చూసి పండ్లు కొరికేవారు.

ఆ ఊరిలో ఒక కట్టుబాటు ఉండేది. హతుని కుమారుడు పెరిగి, తండ్రి తలపాగ తాను కట్టి, చావడిలో నిలిచి మాట ఇచ్చేదాకా పగ తీర్చుకొనడానికి ఎవరూ చేయి ఎత్తరాదు. అతడు ‘నరకండి’ అంటే నరకాలి. ‘వద్దు’ అంటే కత్తులు ఇంటికి వెళ్లాలి. మాట హతుని నెత్తుటివారిది. దానిని దాటినవానికి ఊరిలో నిప్పూ నీళ్లూ పుట్టవు. దాసన్న ప్రాణం అలా ఓబులేసు నోటిలో దాగి ఉండిపోయింది.

తల్లి సుంకులమ్మకు కొడుకు తాను చూసినది చెప్పాడు. ఆమె ఒక్కతే చివరిదాకా విన్నది. విని, దంచుతున్న రోకలిని ప్రక్కన పెట్టి, ఇట్లా అన్నది.

"నువ్వు వద్దంటే సాలదు నాయనా. వాళ్లు వినల్ల. నీ మాటలు సగం నోట్లోనే మింగుతావు. పట్నం పో. సభలో మాట్లాడేది నేర్సుకో. కత్తులు పట్టుకున్నోళ్లు గూడా నోరు మూసుకోని వినేటట్ల నేర్సుకో."

పెద్ద ఈరన్న కూడా అడ్డుచెప్పలేదు. "పోనీలే వదినా. రాజధాని ఈడికే వచ్చె. మన ఇంట్లో గూడా మైకు ముందర నిలబడే మొగోడు ఒకడు ఉండల్ల," అని మీసం దువ్వుకున్నాడు.

కళాశాలలో తెలుగు చెప్పే సుందరం పంతులుగారు కమలాపురం వారు. తెల్లవారుజామున తుంగభద్రలో స్నానం చేసి, సంధ్య వార్చి, తడి అంగవస్త్రంతోనే మెట్లమీద కూర్చుండి అడిగినవారికి పద్యం చెప్పేవారు. వాక్కును అమ్మవారిగా భావించి, చెప్పులు విడిచి గాని పాఠం మొదలుపెట్టని మనిషి. ఓబులేసు వెళ్లి నమస్కరించి నిలిచాడు.

"నీ పేరేమి నాయనా?"

"ఓబులే..."

"మిగిలిన అక్షరం ఏమయింది? హంద్రిలో కొట్టుకొనిపోయిందా?"

మెట్లమీది విద్యార్థులు ఘొల్లున నవ్వారు. ఓబులేసు తల వంచుకున్నాడు.

"నవ్వకండి," అన్నారు పంతులుగారు. "ఇతని మాటలకు తలలున్నాయి, పాదాలు లేవు. పాదాలు మొలిపించవచ్చు. మెదడు లేనివానికే మందు లేదు." తరువాత అతనివైపు తిరిగి, "దేనికయ్యా నీకు వక్తృత్వం? ఎన్నికలకు నిలబడతావా?" అని అడిగారు.

"లేదు స్వామీ. ఒక మనిషిని బతికించల్ల."

పంతులుగారి ముఖంలో పరిహాసం తొలగిపోయింది. కథ అంతా విన్నారు. ఆనాటి నుండి ప్రతి ఉదయం ఓబులేసును మోకాలిలోతు నీటిలో నిలబెట్టి, ఆవలిగట్టున చాకలివారి బండచప్పుడుకు పైగా వినబడేలాగా, ఒక్క ఊపిరిలో పద్యమంతా చదివించారు. చివరి అక్షరం జారితే మళ్లీ మొదటినుంచి. చలికాలంలో పెదవులు నీలమై వణికినా విడువలేదు. ఏడాది తిరిగేసరికి అతని వాక్యాలు కాళ్లు మొలిచి నడవసాగాయి; మరి కొన్నాళ్లకు నడక ఠీవిగా మారింది.

"క్రియాపదం రాజు వంటిది," అనేవారు పంతులుగారు. "పరివారమంతా ముందు నడవాలి. రాజు చివర వేంచేయాలి. ఆయన వచ్చేదాకా సభ కాళ్లమీద నిలబడి ఎదురుచూడాలి. రాజు రాకకు ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నీది. దానిలో సభ ఊపిరి నీ గుప్పిట ఉంటుంది."

ఆ ఏటి వక్తృత్వపు పోటీలో విషయం వాక్కు గొప్పదా, ఖడ్గం గొప్పదా అన్నది. ఓబులేసు వేదిక ఎక్కి, చేతులు జోడించి, గట్టిగా, "ఖడ్గమే గొప్పది..." అని ఆగాడు.

సభలో కలకలం పుట్టింది. వాక్కు పక్షాన నిలిచినవాడు ఇట్లా అన్నాడేమిటని ముందు వరుసలోని ఆచార్యులు ముఖాలు చూసుకున్నారు. ఆ కలకలం చల్లారి, సూది పడితే వినబడేంత నిశ్శబ్దం అయ్యాక, ఓబులేసు చిరునవ్వుతో ముగించాడు.

"...అని చాటదలచినవాడు కూడా, అయ్యలారా, ఆ మాట చాటడానికి వాక్కునే ఆశ్రయించాలి!"

చప్పట్లు మ్రోగాయి. వెనుక వరుసలవారు బల్లలు ఎక్కారు. సుందరం పంతులుగారు కండువాతో కన్నులొత్తుకున్నారు. బహుమానంగా ఇచ్చిన వెండిగిన్నెను ఓబులేసు తల్లికి పంపాడు. కాని ఆ పూట అతడు పొందిన నిజమైన బహుమానం ఆ నిశ్శబ్దమే. ‘అని’కి ముందు ఆగితే వేయిమంది ఊపిరి ఆగుతుందని అతనికి తెలిసింది. తెలిసినది మరువలేదు.

ఇరవయ్యవ ఏట ఉగాదికి ఊరినుండి కబురు వచ్చింది. తలపాగ కట్టించుకొనడానికి రమ్మని. ఓబులేసు తాను చావడిలో చెప్పబోయే వాక్యాన్ని పంతులుగారికి వినిపించాడు. ‘దాసన్నను నరకండి అని నాచేత అనిపించడానికి మీరందరూ వచ్చారు. కాని ఆనాడు మా నాయన గాయానికి రుమాలు కట్టినవాడు ఈ దాసన్నయే. కనుక ఆ మాట నా నోట రాదు.’ వాక్యం అది. పంతులుగారు కన్నులు మూసుకొని విన్నారు.

"బాగున్నది. అయితే ‘నరకండి’ తరువాత, ‘అని’కి ముందు, ఊపిరి తీసినంత ఆగు. పోటీనాడు ఆగినట్లే. వాళ్ల గుండెలు నీ చేతికి వస్తాయి. అప్పుడు తిప్పు."

గురువుగారికి సభ తెలుసు. కత్తులున్న సభ తెలియదు.

ఉగాదినాటి మధ్యాహ్నం చావడి ముందు పైగేరి మగవారంతా చేరారు. వేపపూత పచ్చడి తిన్న నోళ్లతో, నూనె రాసిన వేటకొడవళ్లతో కూర్చున్నారు. బండలాగుడు మైదానంలో ఒంటరిగా దొరికిన దాసన్నను పట్టి తెచ్చి, ఎద్దుల పలుపుతో చేతులు వెనక్కి విరిచికట్టి, మోకాళ్లమీద కూలవేశారు. లాక్కొనివచ్చేటప్పుడు కొట్టిన దెబ్బలకు ఒక కన్ను మూసుకొనిపోయింది. ముక్కునుండి నెత్తురు మీసం మీదికి కారుతున్నది.

"ఏం దాసన్నా, పట్టుకునేది బాగ తెలుసు గదా నీకు?" అని ఒకడు వాని జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. "ఈ పొద్దు నిన్ను మేం పట్టుకుంటాం లే. అలవాటు చేసుకో."

మరొకడు కాలితో డొక్కలో తన్నాడు. దాసన్న మూలగలేదు. తెరిచి ఉన్న కంటితో ఓబులేసును వెదకి, "సామీ, నువ్వు చూసినావు. చెప్పు సామీ," అన్నాడు.

అతని భార్య సంతోషమ్మ జనం వెనుక నిలిచి, ఎవరు నెట్టినా కదలక, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూస్తున్నది. పెద్ద ఈరన్న అన్న తలపాగను తెచ్చి ఓబులేసు తలకు చుట్టాడు. ఆ పాగ మడతలలో తండ్రి చెమటవాసన ఇంకా ఉంది.

"మాట్లాడప్పా," అన్నాడు పెద్ద ఈరన్న. కత్తి తీసుకొని దాసన్న వెనుకకు వెళ్లి నిలబడ్డాడు. "పట్నంలో వెండిగిన్నె గెలిచిన నోరు. వింటాం. చెప్పు."

ఓబులేసు చావడి మెట్టెక్కాడు. తుంగభద్ర నీటిలో సాధించిన గొంతు, ఒక్క అక్షరం జారకుండా, ఊరి చివరి ఇంటిదాకా వినబడింది.

"దాసన్నను నరకండి..."

ఆగాడు.

కళాశాలలో ఆ నిశ్శబ్దంలో ఊపిరులు ఆగాయి. ఇక్కడ కత్తి లేచింది. అతడు పీల్చిన ఊపిరి రొమ్ములోకి దిగకముందే పెద్ద ఈరన్న చేయి దిగింది. మెడ ఎముక విరిగిన చప్పుడు, ఎండిన కంది కట్టెను మోకాలికి పెట్టి విరిచినట్లు వినిపించింది. దాసన్న ముందుకు వాలి, కట్టిన చేతులు ఒకసారి బిగుసుకొని, వదులైపోయాడు. చావడి రాతిమీద నెత్తురు పరచుకొని ఓబులేసు పాదాలను తాకింది. వెచ్చగా ఉంది.

"...అని," అన్నాడు ఓబులేసు. ఎవరూ వినలేదు. "అని నాచేత అనిపించడానికి... అని... అని..."

"మాటంటే అదీ!" అని ఒక ముసలివాడు తొడ చరిచాడు. "తునకలు చేసే మాట! ఏం గొంతప్పా!"

పెద్ద ఈరన్న కత్తిని పంచెకు తుడిచి, అన్నకొడుకును గట్టిగా కౌగిలించుకొని ఏడ్చాడు. అది సంతోషపు ఏడుపు. జనం వెనుక నుండి మరొక ఏడుపు లేచింది. దానికి మాటలు లేవు.

ఓబులేసు తలపాగ తీసి మెట్టుమీద పెట్టాడు. తిన్నగా పెద్ద ఈరన్న ఇంటికి నడిచి, దూలానికి వ్రేలాడుతున్న రుమాలును లాగి, చొక్కా క్రింద దాచుకున్నాడు. అతని వెనుకనే సుంకులమ్మ వచ్చి వాకిట నిలబడింది.

"రెండు తూర్లు, అమ్మా," అన్నాడు. "రెండు తూర్లూ నా మాటే చంపింది. అప్పుడు మింగి. ఇప్పుడు ఆపి."

ఆమె అతని తలను రొమ్ముకు అదుముకున్నది గాని, కాదని మాత్రం అనలేదు. అబద్ధంతో ఓదార్చడం ఆ తల్లికి చేతకాదు.

మరునాడు ఉదయం హంద్రి ఇసుకగట్టున, దాసన్న కులంవారి శ్మశానంలో గుంత తవ్వారు. పాదిరి ప్రార్థన ముగించి ప్రక్కకు తొలగగానే సుబ్బయ్య కిందగేరి మగవారితో వచ్చి నిలిచాడు. బరిసెలు ఇసుకలో గుచ్చి ఉన్నాయి. దాసన్నకు కొడుకు లేడు గనుక మాట ఇప్పుడు సంతోషమ్మది.

"ఒక్క మాట అను, సంతోషమ్మా," అన్నాడు సుబ్బయ్య. "పొద్దు గుంకే లోపల పైగేరిలో దీపం పెట్టే దిక్కుండదు. నీ మొగుడు నా ఇంటి ఉప్పు తిన్న్యాడు. వాని నెత్తురు నేను ఊరికే పోనీను."

సంతోషమ్మ గుంతలోకి చూస్తున్నది.

అప్పుడు ఇసుకలో ఒంటరిగా నడిచి వస్తున్న ఓబులేసు కనబడ్డాడు. తలకు పాగ లేదు. చేతిలో కత్తి లేదు. మడిచిన గుడ్డ ఒకటి ఉంది.

"వచ్చినాడు సూడండ్రా, ఉపన్యాసం చెప్పేకి!" అని ఒకడు ఉమ్మివేశాడు.

"మైకు తెచ్చినావా అప్పా? గుంతలో ఉండేవానికి వినపడల్ల గదా!"

ఓబులేసు సంతోషమ్మ ఎదుట మోకాళ్లమీద కూలబడ్డాడు. పరివారాన్ని ముందు నడిపే వాక్యాలన్నీ అతన్ని విడిచిపోయాయి. రాజు ఒక్కడే, కాలినడకన, అందరికంటె ముందు వచ్చాడు.

"చంపినాను. నేనే. తప్పు నాది."

ఆ మాటే చాలింది. సుబ్బయ్య తమ్ముని కొడుకొకడు పండ్లు బిగించి ముందుకు దూకి కొడవలి విసిరాడు. మెడకు పెట్టిన వేటు, ఓబులేసు తల ఎత్తడంవల్ల ముఖానికి తగిలింది. నోటి మూలనుండి చెవిదాకా చెంప తెరుచుకొని, దవడపండ్లు తెల్లగా బయటపడి, మరుక్షణమే ఎర్రబడ్డాయి. అతడు పడిపోలేదు. చేతిలోని రుమాలును ముందుకు చాచి, తెగిన నోటితో, నెత్తురు ఉమ్ముకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"కట్టినాడు. నాయన గాయం. దాసన్న. ఈ గుడ్డతో. చూసినాను."

కొడవలి మళ్లీ లేచింది.

"వద్దు!"

సంతోషమ్మ గొంతు అది. ఆ గొంతును ఆ ఊరు అంతవరకు వినలేదు. కొడవలి గాలిలో ఆగింది.

"వద్దు," అన్నది మళ్లీ. "మాట నాది. వద్దంటాండా."

"కోపంలో ఉండావు, ఆలోచన చేసి చెప్పు..." అని సుబ్బయ్య అడ్డు రాబోయాడు.

"ముందే చెప్పినా గదా వద్దని. దాని యెనకాల ఇంగేం లేదు, ఎదురుచూసేకి."

ఆమె గట్టిపడిన ఆ రుమాలును విప్పి చూసింది. అంచున తాను కుట్టిన ఎర్రదారం ఇంకా ఉంది. తన మగనిని చంపించిన నోటికి, తన మగని రుమాలునే చుట్టి, పంటిబిగువున ముడి వేసింది. ఆ చేతులు జాలితో కదిలాయో, కోపంతో కదిలాయో ఆమెకే తెలియదు. ముడి మాత్రం గట్టిగా పడింది.

"చచ్చి తప్పించుకోవద్దు," అన్నది అతనితో. "బతుకు. నరికింది ఎవరో కోర్టులో చెప్పు. చెప్తావా?"

ఓబులేసు తల ఊపాడు. కిందగేరివారు బరిసెలు ఇసుకనుండి పెరికి, ఒక్కొక్కరుగా ఇండ్లకు మరలిపోయారు.

చెంప అతుకుకున్నది గాని పెదవులు మళ్లీ సరిగా కలియలేదు. పెదవులు కలిస్తే గాని పుట్టని అక్షరాలన్నీ అతనికి దూరమయ్యాయి. తన పేరులోని ‘బు’ పోయింది. ‘అమ్మ’ పోయింది, పిలిస్తే గాలి మాత్రమే వస్తుంది. ‘నరకండి’ అన్న మాటకు పెదవులు అక్కరలేదు. అది మాత్రం చెక్కు చెదరకుండా నిలిచింది. దైవం ఆ ఒక్క మాటనూ అతనికి గుర్తుగా ఉంచింది కాబోలు.

కర్నూలు కోర్టులో ఓబులేసు నరికినది చిన్నాయనేనని చెప్పాడు; నరకమని పురికొల్పినవాడిగా తానూ ముద్దాయియే గనుక, సర్కారు ప్లీడరు అతనిని నిలదీశాడు. "చావడిలో నువ్వు నరకండి అన్నావా, లేదా?"

"అన్నాను."

ఓబులేసువైపు ప్లీడరు తల పట్టుకున్నాడు. అప్పుడు సుందరం పంతులుగారు సాక్షిగా బోనెక్కారు. శిష్యుడు పలుకదలచిన వాక్యాన్ని ఆసాంతం చెప్పి, దాని అర్థం నిషేధమేనని వివరించారు.

"పండితులవారూ, క్రియను చివర పెట్టమని, దానికి ముందు ఆగమని, నేర్పినవారెవరు?" అని సర్కారు ప్లీడరు అడిగాడు.

"నేనే," అన్నారు పంతులుగారు. "సభ చివరిదాకా వింటుందని నమ్మి నేర్పాను. కోపానికి చెవులు వాక్యం మొదటనే మూసుకొనిపోతాయని నేను చదువుకోలేదు."

కోర్టు ఓబులేసును విడిచిపెట్టింది. పెద్ద ఈరన్నకు యావజ్జీవం పడింది. పోలీసులు తీసుకొనిపోతుండగా అతడు ఆగి, అన్నకొడుకును చూసి, పసివానివలె అడిగాడు.

"నువ్వు చెప్పినట్లే విన్న్యాను గదరా. విన్నందుకా ఇది?"

"వినలేదు చిన్నాయనా," అన్నాడు ఓబులేసు. "చివరిదాకా వినలేదు."

పైగేరి అతనిని ఇంటిలోకి రానీయలేదు. వాకిట రాళ్లు పడ్డాయి. చేనిలో కందిపైరుకు నిప్పు పెట్టారు. సుంకులమ్మ కొడుకును వెంటబెట్టుకొని కోడుమూరు చేరింది. అక్కడ చిన్నబడిలో అతడు ఉపాధ్యాయుడయ్యాడు. ఆ నోటిని చూసి జంకక పెండ్లాడిన ఉరుకుందమ్మ, అతని పలుకులో లేని అక్షరాలను తానే పూరించుకొని వింటుంది.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ఏ వార్త తెచ్చిన పిల్లవాడైనా ముగింపును ముందు చెప్పాలి. మొన్నొక పిల్లవాడు రొప్పుతూ వచ్చి, "సార్, మా ఎనుము బాయిలో పడి, మా నాయన మోకు యేసి, అందరూ లాగి..." అంటుండగానే, తరగతి అంతా ఒక్కసారిగా, "బతికిందా, సచ్చిందా? ముందు చెప్పు!" అని అరిచింది. అందరికంటె గట్టిగా అరిచినది ముందు వరుస పీట మీద కూర్చునే కృపమణి. ఆమె దాసన్న కూతురు. సంతోషమ్మయే చేయి పట్టి తెచ్చి, "నా మొగుని కోసరం నువ్వు చెప్పలేకపోయిన మాట ఈ బిడ్డకు నేర్పు," అని ఆ బడిలో వదిలివెళ్లింది.

"బతికింది సార్!" అన్నాడు పిల్లవాడు.

ఓబులేసు నవ్వాడు. సగం చెంప నవ్వింది. సగం చెంప నవ్వలేదు.

ఆ సీమ ఇలవేల్పు ఉరుకుంద ఈరన్నస్వామి అతని నాలుకపై ఎన్నడూ నెత్తురు సోకని మాటనే నిలుపుగాక. సుంకులమ్మ కన్నులు మనుమలను చూసి చల్లబడుగాక; ఉరుకుందమ్మ పసుపుకుంకుమలు పదికాలాలు నిలుచుగాక; ఆ గడప దాటి లోపలికి కత్తి రాకుండుగాక. సంతోషమ్మ బిడ్డకు విద్యయు, ఆ బడి పిల్లలందరికీ ఆయువు కలుగుగాక. ఓబులేసు మొదలుపెట్టిన ప్రతి వాక్యమూ వినేవారి చెవిని క్షేమంగా చేరి, శుభంగా ముగియుగాక.